సగం స్వాములోరు

సౌదీలో జుబైల్ అనే ఊళ్ళోని తెలుగు క్రైస్తవులకు బాలశౌరిని ఏమని పిలవాలో ఒక పట్టాన తేలేది కాదు. పాతవాళ్ళు అన్నా అనేవాళ్ళు, కొందరు బ్రదర్ అనేవాళ్ళు. కొత్తగా వచ్చిన నర్సులు మాత్రం ఎవరో చెప్పింది నమ్మి, "ఫాదర్ గారూ" అంటూ చేతులు జోడించేవాళ్ళు. ఆ పిలుపు చెవినపడగానే అతని ముఖం చిన్నబోయేది.

"నేను ఫాదర్‌ని కాదమ్మా, స్టోర్‌కీపర్‌ని. బోల్టులూ గాస్కెట్లూ ఇచ్చి సంతకం పెట్టించుకునేవాణ్ణి" అని వెంటనే చెప్పేవాడు.

అది నిజమే. పెద్ద పెద్ద ప్లాంట్లను ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల కంపెనీ ఒకదానిలో అతను స్టోరు చూసేవాడు. పొడుగ్గా ఉండి, గుమ్మాలేవీ తనకు సరిపోవన్నట్టు కాస్త వంగి నడిచేవాడు. ముప్పై అయిదు దాటినా పెళ్ళి చేసుకోలేదు. క్యాంపులో ప్రొద్దుటూరు నుంచి వచ్చిన డ్రైవరు మౌలాలితో ఒకే గదిలో ఉండేవాడు. ఒకరు నమాజుకు లేస్తే రెండోవారు టీ పెట్టేంత స్నేహం వాళ్ళది.

శుక్రవారం మధ్యాహ్నాలు థామస్ ఇంట్లో చేరేవారు. థామస్ ఎలక్ట్రీషియను, భార్యాబిడ్డలతో ఉంటున్నవాడు కనక పదిమందీ వచ్చిపోయినా చుట్టుపక్కల ఎవరూ పట్టించుకునేవారు కాదు. క్రైస్తవులు ఆరుబయట ప్రార్థన చేసుకునే దేశం కాదది. చెప్పులు గుమ్మం బయట వదలకుండా లోపలికి తెచ్చుకునేవారు. కిటికీలు మూసి, ఏసీ మోతలో కలిసిపోయేంత మెల్లగా పాడుకునేవారు. జపమాల అయ్యాక, ఆనాటి సువిశేషం చదివాక, బాలశౌరి నాలుగు ముక్కలు చెప్పేవాడు. దేవుడు అనే మాట పలికే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం తడుముకునేవాడు, చీకట్లో మెట్టు కోసం కాలు చాచినట్టు. అలా తడుముకోవడం చూసే కొందరికి అతని మీద నమ్మకం కలిగేది.

ఫాదర్లు మాత్రమే చెప్పే పూజ మాటెత్తి ఎవరైనా పొరపాటున "ఈసారి క్రిస్మస్‌కి మీరే పూజ చెప్పరాదా?" అన్నారో, లేచి చెప్పులు చేతపట్టుకుని వెళ్ళిపోయేవాడు.

* * *

బాలశౌరిది గుంటూరు జిల్లాలో ఫిరంగిపురానికి ఆవల, పత్తి పండించే ఊరు. తాతల నాటి నుంచి కతోలికులు. అన్న రాయప్ప నాగలి పట్టాడు, తమ్ముడు పుస్తకం పట్టాడు. బడిలో ఏ పాఠమైనా ఒకసారి వింటే చాలు, అప్పజెప్పేవాడు. విచారణ గురువుగారు, అంటే ఆ ఊరి చర్చి ఫాదర్, చూసి ఫాదర్లను తయారుచేసే గురువిద్యాలయంలో చేర్పించారు. హైదరాబాదులో తత్త్వశాస్త్రం ముగించేసరికి బిషప్ గారు పిలిపించి, "దైవశాస్త్రం చదవడానికి నిన్ను లూవెన్ పంపుతున్నాం" అన్నారు.

లూవెన్ ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. బెల్జియం అని చెబితే తల్లి చిన్నవ్వ, "ఆ బెల్జియం అద్దాలు చేసే ఊరా?" అంది. ఆ మాటకు అతను నవ్వుకుంటూనే విమానమెక్కాడు.

ఆరువందల ఏళ్ళకు దగ్గరపడుతున్న విశ్వవిద్యాలయం అది. రాతి పలకలు పరిచిన సందులు, ఏనాడూ పూర్తిగా ఎండని గోడలు, గంటగంటకూ ఊరంతా మోగే గంటలు. అక్కడి వాన దభాలున కురిసి వెలిసేది కాదు, రోజంతా సన్నగా గొణుగుతూ ఉండేది. మొదటి చలికాలం జున్నూ రొట్టే మింగుడుపడక, సామానులో తెచ్చుకున్న గోంగూర పచ్చడిని వేలితో తీసి నాకుతూ గడిపాడు. అక్కడి ఫ్లెమిష్ పిల్లలు సైకిళ్ళ మీద ఝుమ్మని పోతుంటే గోడకు ఆనుకుని నిలబడేవాడు.

అయితే పుస్తకాలున్న గదిలోకి అడుగుపెట్టాడంటే చలీ ఆకలీ గుర్తుండేవి కావు. రెండు ప్రపంచ యుద్ధాల్లో రెండుసార్లు తగలబడి, రెండుసార్లూ మళ్ళీ లేచిన గ్రంథాలయం అది. అక్కడ కూర్చుని గ్రీకు కూడబలుక్కున్నాడు. చిన్నప్పుడు అర్థం తెలియకుండా వల్లించిన జపాల వెనక ఎంత తర్జనభర్జన, ఎంతమంది గుండెకోత ఉన్నాయో తెలిసివచ్చింది. క్రీస్తు ఎవరో చెప్పే మాటలో ఒక్క అక్షరం కోసం వందేళ్ళు కొట్లాడుకున్న పూర్వీకుల మీద అతనికి జాలీ ప్రేమా రెండూ కలిగాయి. పాపసంకీర్తనం మీద, అంటే గురువు ముందు మోకరించి తప్పులు చెప్పుకుని మన్నింపు పొందే సంస్కారం మీద, పరిశోధన చేస్తానన్నాడు.

దాన్ని బోధించే ముసలి ప్రొఫెసరు ఒక చెవికి యంత్రం పెట్టుకునేవాడు. నోటిపరీక్ష రోజున ఆయన అడిగాడు, "గురువు దొరకని చోట ఒక మనిషి చనిపోతున్నాడు. చెప్పుకోవలసింది గుండెల్లోనే ఉండిపోయింది. అతని గతేమిటి?"

బాలశౌరి తడుముకోలేదు. దేవుడు సంస్కారాలను మనకోసం ఏర్పరిచాడే తప్ప తన చేతులకు తానే కట్లు వేసుకోలేదన్నాడు. ఆయన మీద ప్రేమతోనే నొచ్చుకునే మనసు ఉత్తమ మనస్తాపమని, మన్నింపుకు అది చాలునని, ఏ మహాసభ ఏమందో, ఏ పండితుడు ఎక్కడ విభేదించాడో లాటిన్ మాటలతో సహా వరసగా చెప్పేశాడు.

ముసలాయన చాలాసేపు కిటికీలోంచి వానను చూసి, "నీ జవాబులో తప్పేమీ లేదు. మనిషి కూడా లేడు" అన్నాడు. అయినా మార్కులు బాగానే వేశాడు.

ఆ రాత్రి మిత్రులతో కలిసి పండగ చేసుకున్నాడు బాలశౌరి. బతుకులో అంత సంతోషంగా ఎన్నడూ లేనని చాలా ఏళ్ళ తర్వాత జుబైల్‌లో నర్సు రత్నమణితో చెప్పాడు.

* * *

ఫాదర్‌ని చేసే గురుపట్టానికి ఇంకా కొన్ని నెలలే ఉన్నాయనగా ఊరినుంచి ఫోను వచ్చింది. ఆ ఏడు గుంటూరు పత్తిచేలను పురుగు ఊడ్చేసింది. పురుగుకని తెచ్చిన మందును రాయప్ప తాను తాగేశాడు.

బాలశౌరి వచ్చేటప్పటికి అంతా అయిపోయింది. విచారణ గురువుగారు వేరే ఊళ్ళో ధ్యానాల్లో ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగకుండా ఊరిపెద్దలే తలకొక మాట అనుకుని, తన ప్రాణం తాను తీసుకున్నవాడికి జపం ఏమిటని, శ్మశానంలో కంచె పక్కన, ముళ్ళకంప దగ్గర పూడ్చేశారు. గురువుగారు తిరిగొచ్చి వాళ్ళను గట్టిగా చీవాట్లు పెట్టి, సమాధి దగ్గర ప్రార్థన చేసి మంత్రించిన నీళ్ళు చల్లారు. కానీ చిన్నవ్వ మనసులో ఆ ముళ్ళకంప నాటుకుపోయింది.

కొడుకు ఇంట్లో అడుగుపెట్టీ పెట్టకముందే ఆమె అతని చొక్కా పట్టుకుంది.

"దేశంగాని దేశం పోయి పెద్ద చదువు చదివావు గదరా శౌరీ. మీ అన్న ఇప్పుడు యాడున్నాడో చెప్పు."

అతను చెప్పాడు. మనసు చెదిరిన స్థితిలో చేసిన పనికి పూర్తి బాధ్యత ఉండదన్నాడు. దైవకరుణ అన్నాడు, ఆఖరి క్షణం అన్నాడు, శ్రీసభ ఇప్పుడలా బోధించడం లేదన్నాడు. తాను పరీక్షలో చెప్పినట్టే చెబుతున్నానని అతనికి వినబడుతూనే ఉంది.

"నాకు తెలిసే మాటల్లో చెప్పరా నాయనా" అంది తల్లి.

అతనికి తెలుగులో ఒక్కటంటే ఒక్క మాట దొరకలేదు. ఆమె చొక్కా వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంది.

తిరుగు ప్రయాణపు తేదీ వచ్చి వెళ్ళిపోయింది. బిషప్ గారు పిలిపించి నచ్చజెప్పారు. చదువు పూర్తిచేయమన్నారు, కావాలంటే ఓ ఏడాది ఆగమన్నారు. "కన్నతల్లికి చెప్పలేకపోయినవాణ్ణి, విచారణకు ఏం చెబుతానండీ?" అన్నాడు బాలశౌరి.

ఊరు మాత్రం ఊరుకోలేదు. "సగం స్వాములోరు వస్తున్నారు, దారివ్వండి" అని అరుగుల మీద నవ్వుకునేవారు. అన్న పిల్లలిద్దరూ చదువుకునే వయసువాళ్ళు. సౌదీలో మనుషులు కావాలని ఏజెంటు చెబితే, బయోడేటాలో దైవశాస్త్రం మాట రాయకుండా, ఇంగ్లీషు బాగా వచ్చునని మాత్రం రాసి రెండువేల సంవత్సరంలో జుబైల్ చేరాడు. వచ్చిన మరుసటేడే చిన్నవ్వ పోయింది. సెలవు మంజూరయ్యేసరికి నెలమాసికం కూడా దాటిపోయింది.

* * *

లూవెన్ గురించి అతని చేత మాట్లాడించగలిగింది రత్నమణి ఒక్కతే. ఆమె జుబైల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సు. గుణదల మనిషి. యాభై దాటిన వితంతువు, చాలా ఏళ్ళుగా గల్ఫులోనే ఉంటోంది. కొడుకు క్రిస్‌ను చెల్లెలి ఇంట్లో పెట్టి చదివించింది. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది. ప్రార్థన అయ్యాక అందరికీ పులిహోర వడ్డించి, బాలశౌరి పక్కన చతికిలబడేది.

"ఏవయ్యా, ఆ ఊళ్ళో గంటలు ఎట్టా మోగేయో చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలక్కా?"

"ఇక్కడ ఒక్క గంటన్నా వినపడదు గదయ్యా. నీ నోటితోనైనా విననీ."

అతను చెప్పేవాడు. గంటల నుంచి వాన, వాన నుంచి గ్రంథాలయం, అక్కణ్ణుంచి ముసలి ప్రొఫెసరు. చెబుతూ చెబుతూ అతని నడుము నిటారుగా అయ్యేది. రత్నమణి గమనించి, "చదివిన చదువు ఎక్కడికి పోద్దిలే" అనేది. అందులో ఓదార్పు ఎంతో, దెప్పిపొడుపు ఎంతో అతనికి తెలిసేది కాదు.

రెండువేల ఆరులో ఆమె ఇక చాలనుకుని రాజీనామా ఇచ్చింది. దేశం విడిచి పూర్తిగా వెళ్ళిపోయే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు నడుస్తున్నాయి. కొడుక్కి గడియారం, చెల్లెలికి దుప్పట్లు కొని పెట్టెలు కట్టుకుంటోంది. ఆ రోజుల్లోనే కడుపులో నొప్పి అంది. కళ్ళు పచ్చబడ్డాయి. తాను ఇన్నేళ్ళు పనిచేసిన ఆసుపత్రిలోనే స్కాన్ తీశారు. క్లోమంలో పుట్టిన గడ్డ కాలేయం దాకా పాకింది. రిపోర్టు చూసి డాక్టరు నోరు తెరవకముందే ఆమె, "నాకు తెలుసులెండి" అందట. ఊరికి పంపేద్దామని అందరూ తిరిగారు కానీ, వారం తిరక్కముందే పడక మీంచి లేవలేని స్థితి వచ్చింది. ఆ స్థితిలో ఎక్కించుకోవడం కుదరదన్నారు విమానం వాళ్ళు.

అప్పుడామె గురువు కావాలని బాలశౌరిని అడిగింది.

"మూడేళ్ళయింది నేను పాపసంకీర్తనం చేసి. కిందటి సెలవు క్యాన్సిల్ అయింది గదా. నాకు చెప్పుకోవాల్సింది ఒకటుంది శౌరీ. అది చెప్పుకోకుండా పోలేను. ఎవర్నన్నా ఒక ఫాదర్ని తీసుకురా."

జుబైల్‌లో ఫాదర్ ఎక్కణ్ణుంచి వస్తాడు? సముద్రం మీది వంతెన దాటితే బహ్రెయిన్‌లో గుడి ఉంది. అక్కడికి తీసుకెళ్తామంటే డాక్టర్లు కుదరదన్నారు. అక్కడి ఫాదర్ ఇటు రావాలంటే వీసా కావాలి, దానికి ఎన్ని వారాలో తెలియదు. బాలశౌరి నంబరు సంపాదించి ఆమె మంచం పక్కనుంచే ఆ గుడికి ఫోన్ చేశాడు. పలికింది ఒక మలయాళీ ఫాదర్.

"ఫోన్‌లో ఆమె చెప్పుకుంటే మీరు మన్నింపు ఇవ్వగలరా ఫాదర్?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఎదురుగా మనిషి ఉండాలి. మీరు ఎక్కడైనా చదువుకున్నారా?"

"లూవెన్‌లో, ఫాదర్."

"అయితే ఫోన్‌లో చెల్లదని మీకు తెలిసే ఉండాలి."

"తెలుసు."

"మరి ఎందుకు అడిగారు?"

"మీరేమైనా వేరేగా చెబుతారేమోనని."

ఆ ఫాదర్ ఫోను రోగి చెవి దగ్గర పెట్టమని చెప్పి, ఆమెతో కలిసి ప్రార్థన చేశాడు. రత్నమణి అన్నింటికీ ఆమెన్ అంది. ఫోను తీసేశాక, "ఆయన మంచోడే. కానీ నేను చెప్పాల్సింది చెప్పలేదుగా" అంది.

* * *

ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను సాయంత్రం చూడవచ్చే వేళలో మాత్రమే రానిచ్చేవారు. హాస్టల్లో రత్నమణితో ఒకే గదిలో ఉండే చిన్న నర్సు బ్లెస్సీ వెంటబెట్టుకు తీసుకెళ్ళేది. మర్నాడు బాలశౌరి వెళ్ళేసరికి రత్నమణి బ్లెస్సీని తలుపు దగ్గరికి పంపేసి అతన్ని దగ్గరికి రమ్మంది.

"నువ్వే విను. విని, ఆ మాట అను."

అతనికి అర్థమైంది. నీ పాపాలు మన్నిస్తున్నానని గురువు అనే మాట అది.

"నేను అనకూడదక్కా. నాకు పట్టం కాలేదు."

"సగం అయింది గదయ్యా."

"అందులో సగం ఉండదక్కా. నేనంటే అది ఉత్తమాట అవుతుంది."

"ఉత్తమాటే అను! చచ్చిపోయేదాన్ని, నాకు వినాలనుంది. నువ్వూ నేనూ తప్ప ఇక్కడెవరున్నారు? దేవుడు నీ సర్టిఫికెట్లు అడుగుతాడా?"

బాలశౌరి తలదించుకున్నాడు. ఒప్పుకోలేదు. రత్నమణి అతన్ని చాలాసేపు చూసింది. నొప్పితో కాకుండా ఆమె ముఖం బిగుసుకోవడం అదే మొదటిసారి.

"లూవెన్ దాకా పోయి ఏం చదివావు నాయనా నువ్వు?" అని గోడవైపు తిరిగింది.

ఆ తిరగడం అతను ఇదివరకు ఒకసారి చూశాడు. మెట్లు ఎలా దిగాడో తెలియదు. కింద మౌలాలి వ్యాను ఆపుకుని ఉన్నాడు. క్యాంపుకు పోయే దారిలో, దూరాన ప్లాంట్ల మంటలు కనిపిస్తుండగా, బాలశౌరి జరిగిందంతా చెప్పాడు.

మౌలాలి విని, "నాకు తెలీక అడుగుతాండా అన్నా. మీ దేవునికి నేరుగా చెప్పుకుంటే ఇనడా?" అన్నాడు.

"వింటాడు."

"మరి ఆయమ్మకు ఆ మాటే చెప్పకపోయినావా?"

"చెప్పాను. పుస్తకంలో ఉన్నట్టు చెప్పాను."

"పుస్తకం ఎవురిగ్గావాల సామీ?" అన్నాడు మౌలాలి. కసిరినట్టు లేదు, విసుగూ లేదు. "మా నాయిన పోయేటప్పుడు నేను రియాద్‌లో ఉంటి. పక్కన కూకునింది మా ఈదిలో సాకలి పీరయ్య. ఆయప్పకు మా కల్మా యాడొస్తాది? చెయ్యి పట్టుకోని కూకున్యాడంట, అంతే. నేను ఆ పీరయ్యను తల్సుకోని రోజు లేదు."

* * *

తర్వాతి రోజు షట్‌డౌన్ పనుల వత్తిడిలో ఉన్నా ముదీర్, అంటే మేనేజరు, కాళ్ళావేళ్ళా పడి బయటికొచ్చాడు. రత్నమణి ఒక్కరోజులోనే ఇంకా చిక్కిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, ఆ మాట నేను అనను. అంటే నీకు తెలిసిపోద్ది అది దొంగమాటని. ఆఖరిపూట నీకు దొంగమాట చెప్పలేను. కానీ నువ్వు చెప్పేది వింటాను. నువ్వు లేచి వెళ్ళమనేదాకా ఇక్కడే ఉంటాను."

ఆమె కళ్ళు మూసుకునే, "విని ఏం చేస్తావు?" అంది.

"ఏమీ చెయ్యలేను. నాతో పాటు ఆయన కూడా వింటాడు. నేను లేకపోయినా వింటాడనుకో. ఒక్కదానివే చెప్పుకోవడానికి భయమేస్తోందేమోనని నేను కూర్చుంటా."

ఆ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అతనికే తెలియదు. ఏ లాటిన్ వాక్యానికీ అనువాదం కాదు. రత్నమణి కళ్ళు తెరిచి, అతని చెయ్యి వెతుక్కుని, నెమ్మదిగా, మధ్యమధ్య ఆయాసంతో ఆగుతూ, చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె చెప్పిందేమిటో బాలశౌరి ఎవరికీ చెప్పలేదు. మౌలాలికి చెప్పలేదు, క్రిస్‌కు చెప్పలేదు. పెద్ద నేరం కాదని మాత్రం ఒకసారి అన్నాడు. మనుషులు మోసుకు తిరిగేవి చాలావరకు పెద్ద నేరాలు కావట.

చెప్పడం ముగిశాక ఆమె, "పోయినట్టేనా?" అని అడిగింది, చిన్నపిల్ల మందు తాగి అడిగినట్టు.

"ఇంత నొచ్చుకున్నదాన్ని ఆయన తోసేస్తాడా అక్కా? నీ క్రిస్ నీ దగ్గరికి ఇట్టా వస్తే నువ్వు తోసేస్తావా?"

ఆమె పెదాలు కదిలాయి, నవ్వో ఏమో. "తోసెయ్యను. కానీ వాడితో పైకి అంటాను గదా, పోన్లేరా అని. వాడికది వినపడాలి గదయ్యా."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. అందుకోసమే కదా ఆ సంస్కారం ఉన్నదని, చెవులున్న మనిషికి చెవిన పడే మాట కావాలనే కదా పూర్వీకులు అంత కొట్లాడిందని, పుస్తకాలన్నీ చదివినా ఆ మంచం పక్కనే అతనికి అర్థమైంది.

ఇద్దరూ మనస్తాప జపం మొదలుపెట్టారు. సగంలో ఆమెకు ఊపిరి అందలేదు. మిగతాది అతనొక్కడే చెప్పాడు. బ్లెస్సీది వేరే సంఘం, ఆ జపం రాదు. తలుపు దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకుంటూ ఆమెన్ అంది. చూడవచ్చే వేళ అయిపోయిందని సెక్యూరిటీ మనిషి వచ్చి చెప్పేదాకా బాలశౌరి చెయ్యి వదల్లేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం స్టోరులో వరస కట్టిన ఫిట్టర్లకు సామాను ఇస్తుండగా బ్లెస్సీ ఫోను చేసింది. అక్క పోయింది. ఆఖరున మాటలేమైనా అన్నదా అని అడిగాడు. "నీళ్ళు అడిగిందన్నా. అంతే" అంది బ్లెస్సీ.

* * *

చనిపోయినవాళ్ళను ఆ దేశం దాటించడం బతికున్నవాళ్ళను దాటించడంకన్నా కష్టం. ఆసుపత్రి కాగితం, పోలీసు కాగితం, రాయబార కార్యాలయం కాగితం, ఇకామా అనే నివాస అనుమతి రద్దు. ఒక చోట పేరు ఒకలాగ, మరోచోట ఇంకోలాగ పడిందని తిప్పారు. రత్నమణి వారాల తరబడి శవాగారంలోనే ఉంది. మౌలాలి తన సెలవురోజులన్నీ పెట్టి బాలశౌరిని ఆ ఆఫీసులకూ ఈ ఆఫీసులకూ తిప్పాడు. చివరికి దమ్మామ్ విమానాశ్రయంలో, సరుకులు పంపే వైపు, చెక్కపెట్టె మీద ఆమె పేరు అంటించి ఉండగా చూశారు. ఖర్జూరం అట్టపెట్టెల పక్కన పెట్టారు దాన్ని. మౌలాలి దోసిలి పట్టి తన ప్రార్థన తాను చేసుకున్నాడు. బాలశౌరి పెట్టె మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. అక్కడ పైకి ఏమీ అనకూడదు.

అంత్యక్రియలయ్యాక క్రిస్ ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం కుర్రాడు, అంతవరకూ ఎప్పుడూ మాట్లాడలేదు. చేసిన సాయానికి థాంక్స్ చెప్పి, "అమ్మకు ఆఖరి ఘడియల్లో నూనె పూసే అవస్థాభ్యంగనం, పాపసంకీర్తనం అన్నీ మీరే ఇచ్చారు కదా ఫాదర్?" అన్నాడు.

"నేను ఫాదర్‌ని కాదు బాబూ."

"అదేంటి? అమ్మ ప్రతివారం ఫోన్‌లో చెప్పేది గదా. మాకిక్కడ ఫాదర్ గారున్నారు, విదేశాల్లో చదివినాయన, మీరేం దిగులుపడొద్దు అని."

కొడుకు బెంగపెట్టుకోకూడదని ఆమె ఇన్నేళ్ళూ అలా చెప్పుకొచ్చిందన్నమాట. ఇప్పుడు అవునంటే ఆ కుర్రాడు ప్రశాంతంగా నిద్రపోతాడు. బాలశౌరి ఒక్క క్షణం అవునందామా అనుకున్నాడు కూడా. కానీ కన్నతల్లిని వదిలేసినట్టు ఈ కుర్రాణ్ణి కూడా ఉత్తమాటలతో వదిలెయ్యదలచుకోలేదు.

"చదివిన మాట నిజమే. సగంలో మానేశాను. ఇక్కడ ఫాదర్ దొరకలేదు బాబూ. అమ్మ నాతో చెప్పుకుంది. నేను విన్నాను. మన్నింపు మాట అనే అధికారం నాకు లేదు, అనలేదు. తను మాత్రం చాలా నొచ్చుకుని, దేవుణ్ణి నమ్ముకుని పోయింది."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

* * *

మరుసటి ఏడు సెలవు దొరికినప్పుడు బాలశౌరి ఊరికన్నా ముందు విజయవాడలో దిగాడు. క్రిస్ తలుపు తీసి, ఎవరో తెలుసుకుని, లోపలికి రమ్మనడానికి కాస్త తటపటాయించాడు. పిన్ని మంచినీళ్ళిచ్చింది. కొంతసేపటికి క్రిస్ తనే బండి తీసి సమాధి దగ్గరికి తీసుకెళ్ళాడు. సిమెంటు ఇంకా కొత్తగానే ఉంది. కొవ్వొత్తి వెలిగించి బాలశౌరి జపం చెప్పుకుంటుంటే, కుర్రాడు పక్కకు చూస్తూ అడిగాడు.

"ఆ మాట అనేసుంటే ఏం పోయేదండీ? ఎవరికి నష్టం?"

"ఎవరికీ కాదు."

"మరి?"

"అది ఉత్తమాటని ఆమెకు తెలుసు బాబూ. తెలిసి కూడా అడిగింది. అన్నట్టయితే, నా మీద జాలిపడి నమ్మినట్టు నటించేది. అంత ఓపిక ఆమెకు లేదప్పుడు." కాస్త ఆగి, "నేను చేసింది ఒప్పేనని నీతో చెప్పడానికి రాలేదు. నాకు తెలియదు" అన్నాడు.

కొవ్వొత్తి గాలికి ఆరిపోతే క్రిస్ ఒంగి మళ్ళీ వెలిగించాడు. అంతకుమించి వాళ్ళిద్దరి మధ్య ఏదీ జరగలేదు.

తిరిగి వెళ్ళేముందు బాలశౌరి గుణదల కొండమీది మరియమాత గుడికి ఒంటరిగా వెళ్ళాడు. అది శనివారం. పాపసంకీర్తనానికి జనం వరసలో ఉన్నారు. అన్న పోయాక అతను ఆ వరసలో ఒక్కసారీ నిలబడలేదు. తన వంతు వచ్చింది. మధ్యనున్న చెక్క జాలీ వెనక గురువు చాలా చిన్నవాడు, గొంతు బట్టి తెలుస్తోంది. బాలశౌరి తన తప్పులు చెప్పుకున్నాడు. తల్లి సంగతి చెప్పాడు. రత్నమణి సంగతి చెప్పి, "అది పాపమో కాదో నాకు తెలియదు ఫాదర్, కానీ మోయలేకపోతున్నాను" అన్నాడు.

"మీరు చేసింది సరైనదే. పట్టం లేనివాళ్ళు ఆ మాట అనకూడదు" అన్నాడు ఆ కుర్ర గురువు. ఆ జవాబు ఏ పుస్తకంలో ఎక్కడుందో బాలశౌరికి తెలుసు. ఒక జపమాల చెప్పుకోమని, గురువు చెయ్యెత్తి, నీ పాపాలు మన్నిస్తున్నానన్న ఆ మాట అనేశాడు. రోజుకు ఎన్నోసార్లు అనే మాట, అలవాటుగా, కొంచెం తొందరగా, కానీ స్పష్టంగా చెవిన పడింది.

ఎంతసేపు పట్టింది ఆ మాటకు? ఒక గుక్క నీళ్ళు తాగినంత. బాలశౌరి పలకకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎంతకీ అక్కణ్ణుంచి లేవలేదు.

"ఇక వెళ్ళండి బాబూ, సమాధానంగా వెళ్ళండి" అంది లోపలి గొంతు, దయగానే. "వెనక చాలామంది ఉన్నారు."